ఆకసమున పొరుగును తెలుపు పేటిక

1956 జూన్ 30వ తేదీన అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణిక విమానములు ఢీకొని 128 మంది మరణించిరి. ఒకరి విమానమును మరియొకరు సకాలమున చూడజాలకపోయిరి. నేడు చిన్న విమానముల వైమానికులు అరచేతిలో ఇమిడెడి రేడియో గ్రాహకమును వెంట గొనిపోవుదురు. ఇతర విమానములు ఉపగ్రహముల సాయమున తమ ఉనికిని గుర్తించి, సెకనుకు ఒకటి రెండు సార్లు 1090 మెగాహెర్ట్జుల తరంగములపై ప్రకటించును. గ్రాహకము దానిని విని పటముపై చూపును.

ఒక్కొక్కప్పుడు కిటికీలో కానవచ్చు విమానము పటముపై కానరాదు. అంతమాత్రమున పేటిక చెడినదని తలపరాదు. మొదట ఏంటెన్నాను చూడవలెను. ఈ తరంగములు నిలువుగా కంపించును; కావున ఏంటెన్నా అడ్డముగా పడియున్నచో వినికిడి తగ్గును. లోహపు గోడయు, కార్బన్ నారతో చేసిన తొడుగును, తుదకు వైమానికుని దేహము సైతము తరంగముల నడ్డగించును. పేటికను వేరొక కిటికీకి మార్చినంతనే మాయమైన విమానము ప్రత్యక్షము కావచ్చును. ఎండకు కాగి పేటిక తనంతట ఆగిపోవుటయు కలదు.

వింతయైన దోషము మరియొకటి. పటముపై ఒక విమానము వెన్నంటి వచ్చుచుండును. ఎటు తిరిగినను వదలదు. వైమానికుడు బెదరి నలుదెసల వెదకును, ఎవ్వరును ఉండరు. తన విమానపు ప్రసారమునే తన పేటిక విని, పరాయిదని భ్రమించినది! ఆ విమానమునకు కేటాయించిన 24 బిట్ల గుర్తును పేటికలో నమోదు చేసినచో ఆ దయ్యము తొలగును.

అమెరికాలో 2020 నుండి పెక్కు గగన ప్రాంతములలో ప్రసారిణి తప్పనిసరి. అయినను గ్లైడర్లకు, బెలూన్లకు, విద్యుత్తు లేని పాత విమానములకు కొంత మినహాయింపు కలదు. ప్రసారిణి లేనిదానిని ఈ పేటిక స్వయముగా వినజాలదు. వైమానికుడు కిటికీ వైపు చూచుచునే యుండవలెను.