తుపాను బాపట్ల దగ్గర తీరం దాటితే తెనాలి, రేపల్లె సేఫేనా? బులెటిన్‌లో ఏం చూడాలి?

‘తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందట. మనం తెనాలిలో ఉన్నాం, మనకేం కాదులే’... వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట మీరూ చూసే ఉంటారు. కానీ బాపట్ల దగ్గర తీరం దాటేది తుపాను కేంద్రం మాత్రమే. దాని చుట్టూ గాలి, వాన ఎంత దూరం పరుచుకున్నాయన్నది వేరే లెక్క. ఆ లెక్క ఏటా ఒకేలా ఉండదు.

పేరును బట్టి సైజు తెలుస్తుందా?

తెలియదు. వాతావరణ శాఖ పేరు పెట్టేది గాలి వేగాన్ని బట్టే. గంటకు 62-88 కి.మీ. ఉంటే తుపాను, 89-117 కి.మీ. ఉంటే తీవ్ర తుపాను, 118 కి.మీ.కు చేరితే అతి తీవ్ర తుపాను. అది ఎంత వెడల్పు ఉందో ఈ పేర్లు చెప్పవు. 1974లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసిన ‘ట్రేసీ’లో పెనుగాలులు కేంద్రం నుంచి సుమారు 50 కి.మీ. వరకే ఉన్నాయి. 1979లో పసిఫిక్‌లో వచ్చిన ‘టిప్’ ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 2,200 కి.మీ. విస్తరించింది.

ఏటా ఎందుకు మారుతుంది?

మొదట ఏర్పడిన అల్పపీడనం విశాలంగా ఉంటే, దాని నుంచి పుట్టే తుపాను కూడా పెద్దదయ్యే అవకాశం ఎక్కువ. చుట్టూ గాలిలో తేమ దండిగా ఉంటే వాన మేఘాలు దూరం దాకా అల్లుకుంటాయి. ఎల్‌నినో, లానినాల ప్రభావంతో సముద్రపు వేడి, తేమ, గాలుల తీరు ఏడాదికోలా ఉంటాయి. అందుకే ‘పోయినసారి మా వీధిలో చెట్టు కొమ్మ కూడా విరగలేదు’ అన్న ధీమా ఈసారి పనికిరాదు.

మన దగ్గర ఏం జరిగింది?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీవ్ర తుపానుగా బాపట్ల సమీపంలో తీరం దాటింది. అంతకు ముందే, 3, 4 తేదీల్లో, కేంద్రం ఇంకా సముద్రంలో ఉండగానే చెన్నై నీట మునిగింది. తుపాను కేంద్రం ఆ నగరాన్ని తాకనే లేదు.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను నిజాంపట్నం వైపు తీరం దాటితే, ఘోరం మాత్రం దివిసీమలో జరిగింది. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన ఊళ్లను ముంచేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. మన ప్రాంతంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అందువల్ల తుపాను వచ్చే దారికి కుడివైపున అవి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడతాయి. దక్షిణం నుంచి వచ్చిన తుపాను బాపట్ల దగ్గర తీరం దాటితే, ఆ కుడివైపున ఉండేది రేపల్లె, నిజాంపట్నం తీరమే.

బులెటిన్‌లో ఏం చూడాలి?

* మ్యాప్‌లో గరాటులా కనిపించేది తుపాను సైజు కాదు. కేంద్రం ఎటు వెళ్లొచ్చన్న అంచనా మాత్రమే. గరాటు బయట ఉన్నంత మాత్రాన ముప్పు లేనట్టు కాదు.
* గాలులు ఏ దిక్కున ఎంత దూరం ఉన్నాయో నాటికల్ మైళ్లలో ఇస్తారు. ఒక నాటికల్ మైలు అంటే 1.85 కి.మీ. 34 నాట్లు అంటే గంటకు 63 కి.మీ. గాలి.
* తీరానికి దగ్గర్లో ఉంటే ఉప్పెన హెచ్చరిక తప్పక చూడండి. ఖాళీ చేయమంటే గాలి మొదలయ్యేదాకా ఆగొద్దు.
* తెనాలి లాంటి లోపలి ఊళ్లకు వానతోనే ఎక్కువ ఇబ్బంది. మీ జిల్లా రంగు చూడండి. ఎల్లో అయితే గమనిస్తూ ఉండాలి, ఆరెంజ్ అయితే సిద్ధంగా ఉండాలి, రెడ్ అయితే వెంటనే జాగ్రత్త పడాలి.

సాయం కావాలంటే 112కు గానీ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నంబరు 1070కి గానీ ఫోన్ చేయండి. ఈసారి తుపాను వార్త రాగానే ‘ఎక్కడ దాటుతుంది’ అన్నదానితో ఆగకండి, ‘మన ఊరి దాకా ఎంత వస్తుంది’ అన్నదీ చూడండి.