కంచులో నెయ్యి, ప్లాస్టిక్ పొరలో అరిసె

నెయ్యిని కంచుపాత్రలో పదిరోజులు నిలువ ఉంచితే అది భోజనానికి పనికిరాదని మన ప్రాచీన వైద్యులు విరుద్ధాహారాల సందర్భంలో చెప్పారు. వాగ్భటుని అష్టాంగహృదయంలో ఈ నిషేధం స్పష్టంగా ఉన్నది. చిన్నతనంలో మా తాతగారి నోట ఈ మాట విన్నప్పుడు ఇదొక ఆచారం కాబోలు అనుకున్నాను. ఆహార పరీక్షాశాలలో చాలాకాలం రసాయనవేత్తగా పనిచేసిన తరువాత గాని, అది పాత్రకూ పదార్థానికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్ని గురించిన హెచ్చరిక అని నాకు బోధపడలేదు.

ఒక సంక్రాంతికి మా చెల్లెలు నేతి అరిసెలు చేసి, హాస్టలులో చదువుకుంటున్న కుమారుని కోసం కొన్నింటిని విడివిడిగా పల్చని ప్లాస్టిక్ పొరలో చుట్టింది. బజారులో దీనిని క్లింగ్ ఫిల్మ్ అని అమ్ముతున్నారు. మిగిలినవి ఎప్పటివలెనే స్టీలు డబ్బాలో పోసింది. ప్రయాణం వాయిదాపడి పొట్లాలు రెండు వారాలు ఇంట్లోనే ఉండిపోయాయి. అప్పుడు నా వద్దకు వచ్చి, "అన్నయ్యా! చుట్టేటప్పుడు మెత్తగా సాగిన పొర ఇప్పుడు బిరుసెక్కింది. అరిసెకు కూడా ఏదో వాసన తగులుతోంది. పారవేయమంటావా, పిల్లవాడికి పంపమంటావా?" అని అడిగింది.

రెండూ వద్దన్నాను. చుట్టిన అరిసెలు రెండు, అదే వాయిలో వేయించి డబ్బాలో పెట్టినవి రెండు, చుట్టలో మిగిలిన వాడని పొర ఒక మూరెడు తెమ్మన్నాను. నేరపరిశోధనలో అనుమానిత వస్తువు ఎంత ముఖ్యమో, పోల్చి చూడడానికి మచ్చలేని నమూనా కూడా అంతే ముఖ్యం. అది లేనిదే ఏ యంత్రం చెప్పిన మాటకూ విలువ లేదు.

పొర బిరుసెక్కడమే నా అనుమానానికి కారణం. ఈ పొరలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని పాలిథిలీన్‌తో చేసినవి. అవి సహజంగానే మెత్తన. కొన్ని పి.వి.సి.తో చేసినవి. పి.వి.సి. అంటే మన ఇళ్లలో నీళ్ల గొట్టాలు చేసే పదార్థమే. దాని సహజ స్వభావం కాఠిన్యం. దానిని సాగే పొరగా మార్చడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెవంటి ద్రవాన్ని కలుపుతారు. పొర బరువులో ఇది సుమారు నాలుగో వంతు ఉండవచ్చును. ఇది పొరతో రసాయనికంగా బంధింపబడి ఉండదు. పిండిలో నూనె ఇంకినట్లు ఇమిడి ఉంటుంది, అంతే. కొవ్వు తగిలితే అటు జారిపోతుంది. మెత్తదనాన్నిచ్చేది వెళ్లిపోతే మిగిలేది బిరుసే గదా!

నా పూర్వ సహోద్యోగి ఒకరు ముందుగా వాడని పొరను పరారుణ కిరణాల యంత్రంలో పరీక్షించారు. ప్రతి పదార్థమూ ఈ కిరణాలను తనదైన తీరులో పీల్చుకొని, వేలిముద్రవంటి గీతల పటాన్ని ఇస్తుంది. పాలిథిలీన్ అయితే 720 వద్ద ఒక గీత, 2,900 పరిసరాల్లో బలమైన జంటగీతలు కనబడతాయి. మా పటంలో 600, 700 అంకెల మధ్య క్లోరిన్ జాడ, 1,735 దగ్గర ఎస్టర్ జాడ ఉన్నాయి. అంటే పి.వి.సి., దానిలో ఎస్టర్ జాతి ప్లాస్టిసైజర్. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నెయ్యి కూడా ఎస్టరే. అరిసెకు చుట్టిన పొరను పరీక్షించి ఉంటే ఆ గీత నేతిదో, ప్లాస్టిసైజర్‌దో తేల్చడం కష్టమయ్యేది. వాడని పొర తెమ్మన్నది అందుకే. (మాదకద్రవ్యాల కేసులలో పొట్లాల మీది పొర, నిందితుని ఇంటి చుట్టలోని పొర ఒకటేనా అని తేల్చడానికి పోలీసు ప్రయోగశాలలు వాడేది కూడా ఈ యంత్రాన్నే. చిరిగిన అంచులనూ, తయారీలో ఏర్పడే సన్నని చారలనూ వారు అదనంగా పోలుస్తారు.)

తరువాత అరిసెల పైభాగాన్ని గీరి, ద్రావకంలో నానబెట్టి, గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రానికి ఎక్కించారు. ఇది మిశ్రమాన్ని విడదీస్తుంది. దానికి జోడించిన మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక్కొక్క పదార్థాన్నీ ముక్కలు చేసి తూకం వేస్తుంది. థాలేట్ జాతివైతే 149 అనే ముక్క ప్రధానంగా కనబడుతుంది. మాకు కనబడినది 129. అది డై ఇథైల్‌హెక్సైల్ అడిపేట్ అనే ప్లాస్టిసైజర్ ముద్ర. చుట్టిన అరిసెలు రెండింటిలోనూ ఉన్నది. డబ్బాలోని అరిసెలలో లేదు.

ఎంత చేరితే ఎక్కువ అన్నది తరువాతి ప్రశ్న. పది మైక్రాన్ల పి.వి.సి. పొర పది సెంటీమీటర్ల చదరం తీసుకుంటే సుమారు 125 మిల్లీగ్రాములు తూగుతుంది. అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 30 మిల్లీగ్రాములు ప్లాస్టిసైజర్ అనుకోండి. మన దేశపు 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అంత చదరం నుంచి ఆహారంలోకి దిగే పదార్థాలన్నీ కలిపి 10 మిల్లీగ్రాములు మించరాదు. మూడో వంతు జారినా హద్దు చేరినట్లే. నీటికీ, పులుపుకూ, నూనెకూ ఈ దిగుబడి ఒకటి కాదు. అందుకే మన ప్రమాణంలో నీరు, పలుచని ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాలుతో పాటు కొవ్వుకు ప్రతినిధిగా హెప్టేన్ అనే ద్రావకంతోనూ పరీక్షిస్తారు. బ్రిటిష్ వ్యవసాయ మంత్రిత్వశాఖ 1987లోనే ఆహారంలోని ప్లాస్టిసైజర్లపై సర్వే ప్రకటించింది. జున్నువంటి కొవ్వు పదార్థాల మీద అక్కడ అందరి దృష్టీ పడింది.

నేతికి సంస్కారానువర్తన గుణం ఉన్నదని ఆయుర్వేదం చెబుతుంది. దేనితో కలిపి సంస్కరిస్తే దాని గుణాలను గ్రహిస్తుందన్నమాట. ఔషధ ఘృతాలన్నీ ఈ గుణం మీదనే ఆధారపడ్డాయి. మందును గ్రహించే నెయ్యి ప్లాస్టిసైజర్‌ను మాత్రం వద్దంటుందా?

అలాగని ఒక అరిసె తిన్నవారు భయపడనక్కరలేదు. అడిపేట్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు క్యాన్సర్ కారకమని వర్గీకరించలేదు. నిర్ధారించడానికి ఆధారాలు చాలవన్నది. థాలేట్లలో ఒకటైన డి.ఇ.హెచ్.పి.ని మాత్రం "కారకం కావచ్చు" అనే జాబితాలో చేర్చింది. నాకు అభ్యంతరం ఏమిటంటే, రోజూ వేడి పూరీలనూ పులిహోరనూ ఇందులో చుట్టి పిల్లల డబ్బాలలో పెట్టడం. వేడి, కొవ్వు, కాలం మూడూ కలిస్తే దిగుబడి పెరుగుతుంది.

పొర కొనక తప్పదంటే పెట్టెమీద త్రికోణంలోని అంకె చూడండి. 3 ఉంటే పి.వి.సి., 4 ఉంటే పల్చని పాలిథిలీన్. పాలిథిలీన్ అంతగా అతుక్కోదని గృహిణులు ఫిర్యాదు చేస్తారు. నా దృష్టిలో అది లోపం కాదు. కోసిన దోసకాయకూ, పుచ్చకాయకూ పొర చుట్టినా పెద్ద ప్రమాదం లేదు. మైక్రోవేవ్‌లో కప్పవలసివస్తే పదార్థానికి తగలకుండా కనీసం అంగుళం ఎడం ఉంచాలి. పొరను కాల్చి చూసి గుర్తుపట్టే ప్రయత్నం ఇంట్లో చేయకండి, పి.వి.సి. పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. పొరకు బదులు వార్తాపత్రిక కాగితం చుట్టడం పెనం మీదనుంచి పొయ్యిలో పడడమే. 2018 నిబంధనలు దానినీ నిషేధించాయి. నేతి పిండివంటలకు అరటాకు పరచిన స్టీలు డబ్బా, ఆవకాయకు జాడీ ఇప్పటికీ సాటిలేనివి.

డబ్బాలో మిగిలిన అరిసెలను మా చెల్లెలు అరటాకుల మధ్య పేర్చి, స్టీలు కారియరులో హాస్టలుకు పంపింది. మూత బిగుతుగా లేక దారిలో రెండు విరిగాయని మేనల్లుడు ఫోను చేశాడు.