జవాబు కూడా బాకీయే!

ఎమ్మిగనూరు, ఆదోని మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆదోనిలో పత్తి మిల్లులు, దుకాణాలు, ప్రైవేటు బడులు ఉండడంతో చదువుకున్న పిల్లలు పనికోసం అక్కడికి వెళ్తుంటారు. మా సంఘాల్లోని యువత తరచూ చెప్పే బాధ ఒకటుంది. సర్టిఫికెట్లతో పొద్దున్నే బస్సెక్కి వెళ్తే మధ్యాహ్నం దాకా కూర్చోబెడతారు. రెండు ప్రశ్నలడిగి, జీతమెంతో తేల్చకుండా ‘ఫోన్ చేస్తాం, వెళ్లిరండి’ అంటారు. ఆ ఫోన్ రాదు. వీళ్లు చేస్తే ఎత్తరు. ‘ఏమైంది నాయనా?’ అని ఇంట్లో అడిగితే చెప్పేందుకు ఏమీ ఉండదు.

ప్రభుత్వాలూ ఇందుకు అతీతం కాదు. 1998 డీఎస్సీలో రాతపరీక్ష, ఇంటర్వ్యూ దాటినవారిలో వేలమంది వివాదాల మధ్య ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆంధ్రప్రదేశ్‌లో వారికి కాంట్రాక్టు ఉద్యోగాలివ్వాలన్న నిర్ణయం 2022లో గానీ రాలేదు. అప్పటికి కొందరు పదవీ విరమణ వయసుకు దగ్గరపడ్డారు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ద్రాక్షతోట యజమానిని చూడండి. పనివాళ్ల కోసం పొద్దున్నుంచి సాయంత్రం అయిదింటి దాకా తానే మళ్లీమళ్లీ సంతవీధికి వెళ్లాడు. ఖాళీగా నిలబడ్డవారిని సోమరులని తోసేయలేదు. ఎందుకు నిలబడ్డారని అడిగాడు, తమనెవరూ పనికి పిలవలేదన్న జవాబు విన్నాడు. అక్కడికక్కడే పని ఇచ్చాడు. పొద్దుగూకగానే కూలీ చెల్లించాడు.

కూలివాని కూలి తెల్లవారేదాకా కూడా ఉంచుకోవద్దని లేవీయకాండం 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. ఒక్క రాత్రి కూలి ఆపడమే తప్పయితే, ఒక్క మాటను నెలల తరబడి ఆపడం ఒప్పవుతుందా? ‘లేదు’ అని తెలిస్తే ఆ బిడ్డ మరో పని వెతుక్కుంటాడు. ఆ ఒక్క మాట దాచుకున్నవారు అతని రోజులను దొంగిలించినట్టే.

పని ఇచ్చేవారిలో కొందరు ఆదివారం మన మధ్యే కూర్చుంటారు. సహోదరులారా, ఉద్యోగం ఇవ్వలేకపోవచ్చు, జవాబు ఇవ్వగలరు కదా! జీతం ముందే చెప్పండి, ఫలానా రోజున తెలుపుతామని చెప్పి ఆ రోజున తెలపండి.

పనికోసం తిరుగుతున్న బిడ్డలారా, ఎప్పటిలోగా చెబుతారో అడగడం అమర్యాద కాదు. ఆ గడువు దాటితే మరో తలుపు తట్టండి. ఒక యజమాని మౌనం మీ విలువను నిర్ణయించే తీర్పు కాదు. సాయంకాలం దాకా నిలబడ్డవారిని వెతుక్కుంటూ వచ్చిన యజమానిని మనం ఆరాధిస్తున్నాం.