నెట్‌వర్కు లేనిచోట సెల్‌ఫోను: సమాచారపు నిల్వ, సమన్వయము

తెలుగు బోధించువానికి కంప్యూటరు శాస్త్రముతో ఏమి పని యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. పని తగిలినది కనుకనే ఈ వ్యాసము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతోను, 1971లో చేనేత పదములతోను మాండలిక వృత్తి పదకోశములు వెలువడినవి. ఆ ఒరవడిలో మా విద్యార్థులు ఎనిమిదిమంది నల్లమల అంచున గల పల్లెలలో వృత్తి పదములు సేకరింప బూనినారు. పూర్వమిట్టి పనికి కాగితపు చీటీలే ఆధారము. మావారి చేత సెల్‌ఫోను కలదు. పూర్వ విద్యార్థి యొకడు చిన్న ఆప్ వ్రాసి యిచ్చినాడు. ముందుగా వేసికొన్న పదముల పట్టిక అందరి ఫోనులలోను ఉండును. పదమున కెదురుగా అర్థము నింపవలెను. సాయంకాలము నెట్‌వర్కు అందుచోటికి వచ్చి, కళాశాలలోని కంప్యూటరుకు పంపవలెను.

‘కండె’ అను పదమునకు ఒక విద్యార్థి రైతుల నడిగి ‘మొక్కజొన్న పొత్తు’ అని వ్రాసినాడు. మరునాడు వేరొక పల్లెలో ఒక విద్యార్థిని నేతగాండ్ర నడిగి ‘పేక నూలు చుట్టిన గొట్టము’ అని వ్రాసినది. రెండును సరియైనవే. కాని కేంద్ర పట్టికలో మొక్కజొన్న మాత్రమే మిగిలినది. విచారింపగా తేలినదేమనగా, మొదటి విద్యార్థి ఏదో ఆటలో ప్రాణములు త్వరగా తిరిగి వచ్చుటకై తన ఫోను గడియారమును రెండు దినములు ముందునకు జరిపి యుంచినాడు. ‘ఎవరి తేదీ వెనుకటిదో వారి వ్రాత నిలుచును’ అన్నది ఆ ఆప్ పాటించిన సూత్రము. ఆ పిల్ల ఫోను కేంద్రముతో సరిచూచుకొన్న వెంటనే, ఆమె ఫోనులోని అర్థము కూడ చెరిగిపోయినది. ఆమె నోటుపుస్తకమే లేకున్నచో ఆ సంగతి మాకు తెలిసెడిది కాదు.

అప్పటినుండి ఈ విషయమును కొంత చదివితిని. నెట్‌వర్కు లేకున్నను పనిచేయవలసిన ఆప్‌లో మొదట గ్రహింపవలసినది, ఫోనులోని నిల్వయే అసలు పుస్తకమని. మీట నొక్కగానే వ్రాత ఫోనులో భద్రము కావలెను. కేంద్రమునకు చేరుట తరువాతి సంగతి. ఈ నిల్వకు నేడు మిక్కిలి వాడుకలో నున్నది ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ అను అమెరికను 2000 సంవత్సరమున దీనిని వెలువరించి, హక్కులు వదలి అందరిపరము చేసినాడు. ఆండ్రాయిడ్‌లోను ఐఫోనులోను ఇది ముందే అమరి యున్నది. సమస్తమును ఒకే ఫైలులో నుండును. వ్రాయుచుండగా బ్యాటరీ ఆరిపోయినను, ఆ వ్రాత పూర్తిగా చేరుటయో, బొత్తిగా చేరకుండుటయో జరుగునే గాని, సగము వ్రాసి సగము విడుచుట యుండదు. బ్రౌజరులోని నిల్వకు ఇంత భరోసా లేదు. స్థలము చాలనపుడు బ్రౌజరు దానిని తొలగింపవచ్చును.

మా వంటి ద్విభాషా కళాశాలకు మాత్రము ఇందులో ఒక చిక్కు కలదు. ఎస్‌క్యూలైట్‌కు వేరుగా చెప్పనిచో అక్షరముల సంకేత సంఖ్యలను బట్టియే వరుస పెట్టును. ఉర్దూ వర్ణమాలలో ‘పే’ మూడవ అక్షరము. యూనికోడ్‌లో దాని సంఖ్య ‘వావ్’ తరువాత వచ్చును. నిఘంటువు వలె అమర్చవలెనన్నచో వరుస నియమమును మనమే చేర్చుకొనవలెను.

ఇక రెండవది గుర్తింపు సంఖ్య. పట్టికలో లేని క్రొత్త పదము దొరికినపుడు ప్రతి ఫోనును ‘501’ అని వేసికొన్నచో, కేంద్రమున ఎనిమిది 501లు పోగగును. అందుచేత 128 బిట్ల సంఖ్యను యాదృచ్ఛికముగా పుట్టించి వాడుదురు. రెండు ఫోనులలో ఒకే సంఖ్య వచ్చు భయము ఆచరణలో లేనట్లే.

పంపు పద్ధతికి పోస్టాఫీసు మనియార్డరును తలచుకొనుడు. చేసిన ప్రతి మార్పును ఫోను ఒక ‘పంపవలసినవి’ పట్టికలో ఉంచి, కేంద్రము నుండి రసీదు వచ్చిన పిమ్మటనే తీసివేయవలెను. రసీదు దారిలో పోయినచో ఫోను అదే మార్పును మరల పంపును. కావున ఒకే మార్పు రెండుసార్లు చేరినను ఒక్కసారిగానే లెక్కించు ఏర్పాటు కేంద్రమున నుండవలెను. అట్లే కేంద్రము తనకు చేరిన మార్పులకు వరుస సంఖ్యలు వేసినచో, ఫోను ‘412 వరకు అందినవి, తరువాతివి యిమ్ము’ అని అడుగవచ్చును. పట్టిక నంతను ప్రతిసారి దింపుకొన నక్కరలేదు. తొలగించిన పదమును కూడ ఊరక చెరిపివేయరాదు, ‘తొలగింపబడినది’ అను గుర్తు నిలుపవలెను. లేనిచో ఆ పదము ఇంకను మిగిలియున్న వేరొక ఫోను దానిని మరల బ్రతికించి పంపును.

ఇంతవరకు శ్రద్ధ యుండిన చాలును. అసలు కష్టము ఇద్దరు ఒకే దానిని మార్చినపుడు. తెలుగు చదువుకొన్నవారికి ఇది క్రొత్త సమస్య కాదు. ఒకే కావ్యమునకు పది వ్రాతప్రతులు, ప్రతి ప్రతిలోను లేఖకుని మార్పులు. సి.పి. బ్రౌన్ పండితులను కూర్చుండబెట్టి, పెక్కు ప్రతులను పోల్చి చూపించినది ఇందుకే. కడపటి లేఖకుడు వ్రాసినదే ప్రమాణమని ఏ పరిష్కర్తయు అనడు. మా ఆప్ అన్నది సరిగా అదియే. గడియారము సరిగా నున్నచో మొక్కజొన్న పోయి మగ్గము మిగిలి యుండెడిది. ఏదో ఒక అర్థము పోవుట మాత్రము తప్పెడిది కాదు.

గడియారములను నమ్మక, సంఘటనల క్రమమును లెక్క సంఖ్యతో నిర్ణయించు మార్గమును లెస్లీ లాంపోర్ట్ 1978లో చూపినాడు. ప్రతి యంత్రము తన సంఖ్యను ఒక్కొక్కటిగా పెంచుకొనుచు, ఇతరుల నుండి పెద్ద సంఖ్య వచ్చినచో దానిని మించి పోవును. అయితే రెండు మార్పులు ఒకదాని నొకటి ఎరుగక జరిగినవా అను సంగతిని ఆ ఒక్క సంఖ్య చెప్పలేదు. దానికి ఫోను ఫోనుకు వేరు లెక్క కావలెను. ‘నేను ఇది వ్రాయునప్పటికి ఎవరెవరివి ఎంతవరకు చూచితిని’ అన్న ఈ జాబితాను వెర్షన్ వెక్టర్ అందురు. వ్రాతప్రతుల వంశవృక్షము వేయుట వంటిదే యిది.

భేదము బయటపడిన తరువాత ఏమి చేయవలెను? కౌచ్‌డీబీ అను నిలయము ఒక ప్రతిని నియమము ప్రకారము పైన నిలిపి, తక్కినదానిని పారవేయక ఉంచును. పైపాఠము, అధోజ్ఞాపికలో పాఠాంతరము అన్నట్లు. నాకిది మిక్కిలి నచ్చినది. 2011లో మార్క్ షపీరో ప్రభృతులు క్రమబద్ధము చేసిన సీఆర్‌డీటీ మార్గము వేరు. ఏ క్రమమున కలిపినను అన్ని ప్రతులును ఒకటే యగునట్లు దత్తాంశ రూపమునే నిర్మింతురు. పలువురు ఒకే పత్రమును దిద్దుచోట ఇది గొప్ప సాధనము. కాని ప్రతులన్నియు ఏకమగుట వేరు, ఆ ఏకమైనది సత్యమగుట వేరు. కలిపిన వాక్యమునకు అర్థ ముండునన్న హామీ అందులో లేదు. 2007లో అమెజాన్ సంస్థ తన డైనమో నిలయమును గూర్చి ప్రకటించిన పత్రములోనే, భిన్న ప్రతులను కలుపునపుడు కొనుగోలు బుట్ట నుండి తీసివేసిన వస్తువులు మరల కనబడవచ్చునని చెప్పుకొన్నది.

సమన్వయము నంతను ఒక సంస్థ సేవకు అప్పగించుట సులువు. ఆ సులువునకు వెల గలదు. రియల్మ్ అను ఫోను నిలయమును 2019లో మాంగోడీబీ సంస్థ కొన్నది. దానితో నడచిన సమన్వయ సేవను విరమింతుమని 2024 సెప్టెంబరులో ప్రకటించి, 2025 సెప్టెంబరు 30తో ముగించినది. దానిపై ఆధారపడినవారు ఏడాదిలో వేరు దారి వెదకుకొనవలసి వచ్చినది. కళాశాల పదకోశము ఇరువది యేండ్లు నిలువవలసినది. అందుచేత ఫోనులో ఎస్‌క్యూలైట్, కేంద్రమున పోస్ట్‌గ్రెస్, నడుమ మేమే చదివి దిద్దుకొనగల చిన్న కార్యక్రమము ఏర్పరచుకొన్నాము.

ఆ పూర్వ విద్యార్థియే పట్టికను మార్చి వ్రాసినాడు. అర్థము ఇప్పుడు పదమున కెదురుగా నున్న గడి కాదు. ఊరు, వృత్తి, సేకరించినవారి పేరు గల ప్రత్యేక చీటీ. క్రొత్త చీటీ పాతదానిని చెరుపదు. ఈ మార్పుతో భేదములలో పెక్కులు పుట్టకుండనే పోయినవి. ఒకే చీటీని ఇద్దరు దిద్దినపుడు మాత్రము రెండు ప్రతులను సంపాదకుని ముందు ఉంచును. వక్తల కంఠధ్వనులు నిలయములో చేర్పక విడి ఫైళ్ళుగా నుండి, కళాశాల వైఫై అందినపుడు కదలును. నెల దినములు నెట్‌వర్కు చూడని ఫోను పాత రూపములో పంపినను కేంద్రము స్వీకరింపవలెను గనుక, గడులను చేర్చుటయే గాని పేరు మార్చుట లేదు.

ఫోను తేదీ ఇప్పటికిని చీటీపై నమోదగుచునే యున్నది. అది చదువుకొనుటకే గాని నిర్ణయమునకు గాదు. కండెకు నేతగాండ్ర అర్థమును ఆ విద్యార్థిని నోటుపుస్తకము చూచి మరల ఎక్కించినాము.