కౌన్సెలింగ్‌లో రేపటిని గూర్చిన ప్రశ్న

1978లో అమెరికాలోని మిల్వాకీలో కౌన్సెలింగ్ కేంద్రం స్థాపించిన స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు, సమస్య మూలాలకంటె అది తీరిన దినాన్ని గూర్చి ఎక్కువగా అడిగేవారు. రాత్రి మీరు నిద్రిస్తుండగా అద్భుతం జరిగి సమస్య తీరిపోతే, ఉదయాన దేనినిబట్టి గుర్తిస్తారు?

భర్త తాగుడుతో విసిగిన సహోదరి "ఆయన తాగడు" అంటుంది. అది ఇంకా గమ్యం కాదు. తాగడానికి బదులు ఏమి చేస్తాడు? "పిల్లలతో కూర్చుని అన్నం తింటాడు." అప్పుడు మీరేమి చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు ఆమె చేతిలో ఉన్నది. కాపరి తొందరపడి తన జవాబు చెప్పకూడదు (మనకిదే కష్టం). సున్నా నుండి 10 వరకు నేడెక్కడున్నారో, ఒక్క మెట్టు ఎక్కితే ఏమి మారుతుందో తరువాత అడగవచ్చు.

మన సంఘాలలో 'అద్భుతం' వాగ్దానంలా వినబడుతుంది గనుక, ఇది ఊహ మాత్రమేనని ముందే చెప్పాలి. ఆమె దెబ్బలు తింటున్నట్లయితే ఈ ప్రశ్నలన్నీ ఆపి, మొదట ఆమె భద్రత చూడాలి.