చురుకైన బుర్రకు చిక్కులెక్కే మేత

భువనగిరి: లెక్కల పీరియడ్ మొదలై పది నిమిషాలు కాలేదు. నల్లబల్లపై రాసిన అయిదు లెక్కలూ పూర్తి చేసి ఓ విద్యార్థి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మిగిలినవారు ముగించేవరకు అతడికి అప్పగించే పనులు తెలిసినవే. పక్కవారి నోటుపుస్తకాలు దిద్దాలి, సుద్దముక్కలు తేవాలి, చిన్న తరగతి పిల్లలు అల్లరి చేయకుండా చూడాలి. ‘వీడి గురించి దిగులు లేదు, వాడే చదువుకుంటాడు’ అన్న మాట బడిలోనూ, ఇంట్లోనూ వినిపిస్తుంది. ఆ రోజు అతడు కొత్తగా నేర్చుకున్నదేమీ లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

పల్లెల్లోని సర్కారు బడుల్లో ఇటువంటి పిల్లలు తరగతికి ఒకరిద్దరైనా కనిపిస్తారు. రెండు, మూడు తరగతులను ఒక్కరే నెట్టుకొచ్చే ఉపాధ్యాయుడు వెనుకబడినవారిపైనే దృష్టి పెట్టడం సహజం, న్యాయం కూడా. అయితే ముందున్నవాడు తనంతట తానే నడుస్తాడన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదు. ఏడో తరగతి వరకు ఏ లెక్కా తనను ఆపకపోవడంతో కుస్తీ పట్టడం అతడికి అలవాటు కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బీజగణితం, రేఖాగణితం బరువెక్కినప్పుడు తొలిసారి తడబడతాడు. తడబాటు మామూలేనని చెప్పేవారు లేక, తన తెలివి ఇంతేనని తీర్మానించుకుంటాడు. చేయి ఎత్తడం మానేస్తాడు. ‘చిన్నప్పుడు బాగా చదివేవాడు’ అని పేరు పడిన యువకులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారిలో అందరూ చెడు సావాసాల వల్లే చదువుకు దూరమయ్యారనుకోవడం పొరపాటు.

మెప్పులోనే మెలిక

పిల్లలను మెచ్చుకునే తీరుపై అమెరికాకు చెందిన క్లాడియా మ్యూలర్, కెరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. అయిదో తరగతి పిల్లలకు తొలుత తేలిక ప్రశ్నలు ఇచ్చారు. చేసినవారిలో కొందరిని తెలివైనవారని, మరికొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తరవాత కఠినమైన ప్రశ్నలు ఇవ్వగా అందరూ తడబడ్డారు. మూడోసారి మళ్లీ మొదటి స్థాయి ప్రశ్నలే ఇచ్చారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు మొదటికన్నా మెరుగ్గా చేశారు. తెలివిని మెచ్చుకున్నవారు మొదటికన్నా వెనుకబడ్డారు. ఈ కోవలో తరవాత జరిగిన పరిశోధనలు అన్నిచోట్లా ఇంత గట్టి ఫలితం చూపలేదు కానీ, తల్లిదండ్రులు గమనించదగ్గ విషయం ఇందులో ఉంది. తెలివైనవాడన్న బిరుదు ఇచ్చాక దాన్ని కాపాడుకోవడమే పిల్లలకు పనిగా మారుతుంది. తప్పు చేసే అవకాశమున్న ప్రశ్న జోలికి పోరు. బంధువుల ముందు నిలబెట్టి ఎక్కాలు చెప్పించడం కన్నా, నిన్న రాని లెక్క ఈరోజు ఎలా వచ్చిందో చెప్పమనడం మేలు.

ఒకే పొలం... మూడు ప్రశ్నలు

ప్రతిభావంతులకు అదనంగా పని ఇవ్వడమంటే అవే లెక్కలు మరో ఇరవై ఇవ్వడం కాదు. అది శిక్షతో సమానం. ముందుగా ముగిస్తే ఎక్కువ చేయాల్సి వస్తుందని గ్రహించిన పిల్లవాడు నెమ్మదిగా చేయడం నేర్చుకుంటాడు. లెక్కను మార్చనక్కర లేదు, ప్రశ్నను లోతుగా అడిగితే చాలు.

పొలం పొడవు 40 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు, వైశాల్యం ఎంత అన్నది అందరికీ ఇచ్చే ప్రశ్న. జవాబు 1,200 చదరపు మీటర్లు. దాన్ని అర నిమిషంలో చెప్పినవాడిని మరొకటి అడగవచ్చు. ఈ పొలం చుట్టూ 140 మీటర్ల కంచె పడుతుంది. అంతే కంచెతో ఇంతకంటే పెద్ద దీర్ఘచతురస్రాకార పొలాన్ని చుట్టగలమా? పిల్లవాడు 50, 20 అని ప్రయత్నిస్తే వైశాల్యం వెయ్యికి తగ్గిపోతుంది. 38, 32 అంటే 1,216 వస్తుంది. అలా దగ్గరికి జరుపుకొంటూ పోతే 35, 35 వద్ద 1,225 తేలుతుంది. అంతకుమించి పెరగదు. ఎందుకు పెరగదన్నదే అసలు పాఠం. ఇక మూడో ప్రశ్న. పొలానికి ఒక పక్క కాలువ ఉంది, అటు కంచె అక్కర్లేదు. అదే 140 మీటర్లతో ఎంత నేల చుట్టవచ్చు? చతురస్రమే గొప్పదని అప్పుడే తెలుసుకున్న విద్యార్థి ఇక్కడ తప్పకుండా బోల్తా పడతాడు. రెండు పక్కలా 35 మీటర్ల చొప్పున, కాలువకు ఎదురుగా 70 మీటర్లు వేస్తే 2,450 చదరపు మీటర్లు వస్తుంది. సరిగ్గా ఇందాకటికి రెట్టింపు. ఎలాగో కనిపెట్టడానికి వాడికి రెండు రోజులు పట్టినా ఫర్వాలేదు. ఆ రెండు రోజులు ఉపాధ్యాయుడు జవాబు చెప్పకుండా ఓపిక పట్టడమే కష్టం. దీనికి పైసా ఖర్చు లేదు, కంప్యూటరూ అక్కర్లేదు.

మార్కుల్లో కనిపించనివారు

ఫస్టు వచ్చినవారే ప్రతిభావంతులనుకోవడం మరో చిక్కు. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే శాస్త్రవేత్త 1921లో మొదలుపెట్టిన అధ్యయనం కోసం తెలివితేటల పరీక్షలతో పిల్లలను ఎంపిక చేశారు. ఆ వడపోతలో నిలవని విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ అనే ఇద్దరు బాలురకు పెద్దయ్యాక భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు దక్కాయి. అంత దూరం వెళ్లనవసరం లేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. వైద్యరంగంలో ఆయన పరిశోధనలు ఏ స్థాయికి చేరాయో లోకానికి తెలుసు.

తండా నుంచి వచ్చే బాలికకు ఇంటి భాష లంబాడీ, బడి భాష తెలుగు. ఆమె మౌనాన్ని మందమతిగా లెక్కగట్టడం పరిపాటి. పత్తి ఏరే రోజుల్లో బడికి రాని పిల్లలకు మార్కులు తగ్గుతాయి, బుర్ర తగ్గదు. పాఠం మధ్యలో ప్రశ్నలతో విసిగించేవాడు, పాత రేడియో విప్పి మళ్లీ బిగించేవాడు కూడా ఈ జాబితాలో ఉండదగినవారే.

గడువు దాటితే అంతే

పేదింటి ప్రతిభావంతులను వెతికి చదివించాలన్న ఆలోచన ఈ జిల్లాకు కొత్త కాదు. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో గురుకుల పాఠశాల తొలిసారి మొదలైంది ఇక్కడి సర్వేల్‌లోనే. ఇప్పుడు దారులు పెరిగాయి కానీ ప్రతి దారికీ ఓ వయసు ఉంది. నవోదయలో ఆరో తరగతికి ప్రవేశ పరీక్షను అయిదో తరగతిలో రాయాలి, అదీ ఒక్కసారే. ఈ పరీక్షను తెలుగులో రాసే వీలుంది. వంద మార్కుల్లో 50 మేధాశక్తి ప్రశ్నలకే. బొమ్మల వరసలు, పోలికలు ముందుగా చూడని పిల్లవాడు ఎంత చురుకైనవాడైనా పరీక్ష గదిలో బిత్తరపోతాడు.

ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతన పరీక్ష ఎన్ఎంఎంఎస్‌ది మరో తీరు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలు దాటరాదు. సర్కారు, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలే అర్హులు. వసతి ఉన్న గురుకులాల వారికి అవకాశం లేదు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా రూ.12 వేల చొప్పున నాలుగేళ్లలో రూ.48 వేలు ఖాతాలో పడతాయి. పదో తరగతితో ఆడపిల్ల చదువు మాన్పిద్దామనుకునే ఇంట్లో ఈ మొత్తం మాట మార్పించగలదు.

నెగ్గిన తరవాత చేజార్చుకునేవారూ ఉన్నారు. జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేసుకోవాలి. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో మరోలా ఉన్నా డబ్బు ఆగుతుంది. పదిలో 60 శాతం రాకపోయినా అంతే, ఎస్సీ, ఎస్టీలకు ఇది 55. ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీలో చేరితే మిగిలిన రెండేళ్ల సొమ్ము పోతుంది. ఫీజులో రాయితీ ఇస్తామంటూ వేసవిలో ఇళ్ల చుట్టూ తిరిగే ప్రైవేటు కాలేజీల వారు ఈ సంగతి చెప్పరు. చేరకముందే తల్లిదండ్రులు బడిలో ప్రధానోపాధ్యాయుడిని అడిగి తెలుసుకోవాలి.