కొత్త ఫోను కొనే ముందు: వేగం పెంచుకొనే సులువైన మార్గాలు

నేడు స్కాలర్‌షిప్ దరఖాస్తు, ప్రవేశ పరీక్ష ఫీజు, హాల్ టికెట్ అన్నీ ఇంటర్నెట్ ద్వారానే. 2022 మే నెలాఖరున కోనసీమలో కొన్ని రోజులు ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు దాని అవసరం ఎంతటిదో అమలాపురం, రాజోలు, కొత్తపేట వాసులందరికీ తెలిసివచ్చింది. ఇంటర్నెట్ ఉన్నా నిదానంగా నడిస్తే పేద విద్యార్థికి నష్టమే. గడువు చివరి రోజున పేజీ తెరుచుకోకపోతే ఒక ఏడాది సాయం చేజారవచ్చు. అప్పుడు కొత్త ఫోను ఇప్పించమని దాతల వద్దకు వినతి వస్తుంది. ఆ డబ్బు ఖర్చు పెట్టే ముందు అసలు ఆలస్యం ఎక్కడుందో చూడాలన్నదే ఉపాధ్యాయులుగా మేము చెప్పదలచినది.

ఆలస్యం మూడు చోట్ల ఉండవచ్చు: ఫోనులో, ఇంటర్నెట్ కనెక్షన్‌లో, వెబ్‌సైట్‌లో. అదే వైఫైతో అదే పేజీని మరొక ఫోనులో తెరవండి. అక్కడ త్వరగా వస్తే లోపం మొదటి ఫోనుదే. రెండింటిలోనూ నిదానిస్తే వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. త్వరగా వస్తే లోపం వైఫైది. ఎలా చూసినా ఆ ఒక్క పేజీయే మొరాయించి మిగతావి బాగా వస్తుంటే లోపం వెబ్‌సైట్‌ది. కొత్త ఫోను కొన్నా ఫలితం ఉండదు.

ఫోను నిదానించడానికి తరచూ కారణం నిండిపోయిన స్టోరేజి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' లోని 'మేనేజ్ స్టోరేజ్' తెరిచి పెద్ద వీడియోలను, పదేపదే వచ్చిన శుభోదయం బొమ్మలను తీసివేయండి. అవి వాటంతటవే దిగకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపండి. స్టోరేజిలో పదో వంతైనా ఖాళీ ఉంచండి. వాడని యాప్‌లు తొలగించి, వారానికి ఒకసారి ఫోను ఆపి మళ్లీ వేయండి. వేగం పెంచుతామనే 'క్లీనర్' యాప్‌లు మాత్రం వద్దు. అవే వెనుక నడుస్తూ బ్యాటరీని తింటాయి.

వైఫై రౌటరును బీరువా వెనుక, ఫ్రిజ్ పక్కన పెట్టకండి. లోహం సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. ఇంటి మధ్యలో, ఎత్తులో ఉంచండి. రౌటరులో రెండు పేర్లు కనిపిస్తే, దగ్గర కూర్చున్నవారు 5 గిగాహెర్ట్జ్‌ను, గోడల అవతల ఉన్నవారు 2.4 గిగాహెర్ట్జ్‌ను వాడుకోవాలి. మొదటిది వేగమైనది, రెండవది దూరం పోతుంది. మరొక లెక్క కూడా పిల్లలకు చెప్పాలి. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 40 ఎంబీపీఎస్ ప్లానులో సెకనుకు గరిష్ఠంగా 5 ఎంబీ మాత్రమే దిగుతుంది. ఆ ఒక్క కనెక్షన్‌నే ఇంట్లో అందరూ పంచుకుంటారు.

వెబ్‌సైట్ నిదానాన్ని మనం బాగుచేయలేము, తప్పించుకోగలము. చివరి రోజున అందరూ ఒకేసారి వస్తారు గనుక దరఖాస్తును మొదటి వారంలోనే, తెల్లవారుజామున పంపించాలి. ఫొటో, సర్టిఫికెట్లు ముందుగానే అడిగిన పరిమాణానికి తగ్గించి ఉంచుకోవాలి. 4 ఎంబీ ఫొటోను 200 కేబీకి తగ్గిస్తే ఎక్కించవలసినది ఇరవయ్యో వంతే.

పాత కంప్యూటరుకు హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కొత్త కంప్యూటరు కొనకుండానే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

దాతలకు ఒక మనవి. మీరు పక్కన పెట్టిన ఫోను ఒక విద్యార్థికి ఇంకా పనికివస్తుంది. ఇచ్చే ముందు మీ ఫొటోలు, నంబర్లు వేరేచోట భద్రపరచుకొని, గూగుల్ ఖాతాను తొలగించి, ఆ తరువాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తొలగించకపోతే ఫోను మీ పాస్‌వర్డ్ అడుగుతూ తీసుకున్నవారికి తెరుచుకోదు. కొత్త ఫోను కోసం వినతి వచ్చినప్పుడు ముందు ఈ పరీక్షలు చేయించండి. అలా మిగిలిన సొమ్ము మరొక విద్యార్థి ఫీజుకు అందుతుంది.